ఎనిమిది మైకుల పాత ఫైర్‌వైర్ డబ్బా, కొత్త విండోస్ 11 కంప్యూటర్: ఒక కేస్ స్టడీ

నల్లగొండలో కంప్యూటర్లు, స్టూడియో సామాను బాగుచేయడం నా పని. పాత ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుల శబ్దాన్ని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు పంపే డబ్బా) కొత్త కంప్యూటర్‌లో నడవడం లేదని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. వచ్చిన వాళ్లందరి నోటా ఒకటే మాట, "డ్రైవర్ ఒక్కటి దొరికితే చాలు." ఈ కేసులో మొదటి రెండు రోజులు నేను కూడా అదే నమ్మి డ్రైవర్ల వెంట, అంటే డబ్బాతో మాట్లాడటం విండోస్‌కు నేర్పే సాఫ్ట్‌వేర్ వెంట, తిరిగాను. ఆ రెండు రోజులు ఎందుకు పోయాయో, చివరికి ఏ దారి పట్టామో వివరంగా రాస్తే ఇంకొకరికి సమయం మిగులుతుందని రాస్తున్నాను. స్టూడియో పేరు, ఊరి పేరు, డబ్బా తయారుచేసిన కంపెనీ పేరు రాయడం లేదు.

నేపథ్యం

దేవరకొండ వైపు ఒక మండల కేంద్రంలో, ఇంటి మీది అంతస్తులో రెండు గదుల స్టూడియో. నడిపే ఆయనకు యాభై దాటాయి. హార్మోనియం వాయిస్తాడు. డోలు మీద ఒక్క దెబ్బ వింటే తాడు వదులైందో తోలు చల్లబడిందో చెప్పేస్తాడు. బోనాల పాటలు, ఒగ్గు కథలు, చెర్వుగట్టు జాతరకు ముందు శివుని పాటలు, ఎన్నికలొస్తే ప్రచార పాటలు. అన్నిటికంటే పెద్ద పంట బతుకమ్మ పాటలది. ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఆ రెండు నెలల్లోనే వస్తుంది.

ఆయన దగ్గరున్నది 2010 ప్రాంతంలో కొన్న ఫైర్‌వైర్ ఇంటర్‌ఫేస్. ఫైర్‌వైర్ అంటే యూఎస్‌బీ లాగే పరికరాన్ని కంప్యూటర్‌కు కలిపే ఒక పాత పద్ధతి. ముందు వైపు ఎనిమిది మైకు ప్రీయాంప్‌లు (మైకు నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను పెంచేవి), వెనక రెండు ఆరు పిన్నుల ఫైర్‌వైర్ సాకెట్లు, ఒక ఆప్టికల్ ఇన్, ఒక ఆప్టికల్ అవుట్. ఆ ఆప్టికల్ సాకెట్ల రబ్బరు మూతలు కొన్న రోజు నుంచి తీయలేదు. ఆ మూతల సంగతి తర్వాత వస్తుంది.

ఎనిమిది మైకులు ఎందుకు కావాలి? ఈ ప్రశ్నకు జవాబు ముందే రాబట్టకపోతే ఈ కేసులో ప్రతి నిర్ణయం తప్పుదారి పట్టేది. రెండు మైకుల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ కొనుక్కుని ఒక్కొక్క గొంతును విడిగా ఎక్కించుకోవచ్చు కదా అని నేను కూడా అడిగాను. ఆయన పాత రికార్డింగ్ ఒకటి పెట్టి వినిపించాడు. ఒక పెద్దమ్మ పాట ఎత్తుకుంటుంది, ఏడెనిమిది మంది ఆడవాళ్లు 'ఉయ్యాలో' అని అందుకుంటారు, చప్పట్లు పడుతుంటాయి. అందుకునే వాళ్లు ఆ పెద్దమ్మ శ్వాసను చూసి అందుకుంటారు. ఆమె ఒక పదం సాగదీస్తే వాళ్ల చప్పట్లు కూడా ఆ వెంట్రుకవాసి ఆగుతాయి. హెడ్‌ఫోన్లు పెట్టి ఒక్కొక్కరి చేత విడిగా పాడిస్తే ఆ పట్టు రాదు. అందుకే అందరూ ఒకే గదిలో, ఒకేసారి, ఎనిమిది మైకులు. దీన్ని వదులుకోవడం కుదరదని ఆ పాట వినగానే నాకు అర్థమైంది.

వచ్చిన సమస్య

2025 జులైలో ఉరుములు మెరుపుల రాత్రి ఒకటి గడిచాక పాత కంప్యూటర్ లేవలేదు. మదర్‌బోర్డు పోయింది. అది విండోస్ 7 యంత్రం, పాత రకం పీసీఐ స్లాటులో ఫైర్‌వైర్ కార్డు ఉండేది. ఎట్లాగూ పాతబడిందని ఆయన కొత్త కంప్యూటర్ తెచ్చుకున్నాడు, 12వ తరం ఐ5, విండోస్ 11. దానికి ఫైర్‌వైర్ సాకెట్ లేదు, పాత కార్డు పెట్టే స్లాటు కూడా లేదు. ఉన్నవన్నీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లే.

డబ్బాను తువ్వాలలో చుట్టుకుని వచ్చాడు. "తమ్మీ, దీనికేం కాలె. మొన్నటిదాక మంచిగ పాడింది. కొత్త కంప్యూటరే దీన్ని గుర్తుపడ్తలేదు. బతుకమ్మకు ఇంక ఎనిమిది వారాలే ఉన్నయి, మూడు గ్రూపుల కాడ అడ్వాన్సు తీసుకున్న."

సంచిలోంచి ఒక వైరు కూడా తీశాడు. ఒక కొసకు ఫైర్‌వైర్, రెండో కొసకు యూఎస్‌బీ. ఆన్‌లైన్‌లో కొన్నాడట, పెట్టి చూశాడట, పనిచేయలేదట. నాకు గుండె ఆగినంత పనైంది. ఫైర్‌వైర్, యూఎస్‌బీ రెండు వేర్వేరు భాషలు. యూఎస్‌బీలో కంప్యూటర్ అడిగితేనే పరికరం మాట్లాడుతుంది. ఫైర్‌వైర్‌లో పరికరాలు సమానులు, ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు మాట్లాడతారు. మధ్యలో అనువాదం చేసే చిప్పేదీ లేకుండా వట్టి తీగలు కలిపితే ఒక్క ముక్క కూడా అటు నుంచి ఇటు చేరదు. పైగా ఫైర్‌వైర్ ఆరు పిన్నుల సాకెట్‌లో కరెంటు వస్తుంది, సాధారణంగా 12 వోల్టులు, ప్రమాణం ప్రకారం 30 దాకా ఉండవచ్చు. యూఎస్‌బీకి 5 వోల్టులే. ఆ వైరు వల్ల డబ్బా ఫైర్‌వైర్ చిప్ కాలిపోయి ఉండవచ్చు, కంప్యూటర్ యూఎస్‌బీ సాకెట్ కూడా పోయి ఉండవచ్చు. అదృష్టం కొద్దీ సాకెట్ బాగానే ఉంది. డబ్బా సంగతి అప్పటికి తెలియదు.

అప్పుడే నేను ఒక పని చేయాల్సింది, చేయలేదు. డబ్బా బతికి ఉందో లేదో విండోస్‌తో సంబంధం లేకుండా తేల్చుకోవాల్సింది. "మొన్నటిదాక పాడింది" అన్న మాట మీద ఆనుకుని నేరుగా డ్రైవర్లలోకి దూకాను.

మొదటి ప్రయత్నం

దొరికిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు ఒకటి తెచ్చి పెట్టాను. విండోస్ వెంటనే గుర్తుపట్టింది. డబ్బా కంపెనీ వాళ్ల చివరి డ్రైవర్ విండోస్ 10 కోసం చేసినది, అది ఎక్కించాను. ఇన్‌స్టాల్ పూర్తయింది అని చెప్పింది, పరికరాల జాబితా చూపించే డివైస్ మేనేజర్‌లో మాత్రం పసుపు త్రికోణం, అంటే నడవడం లేదని గుర్తు. తీసేసి మళ్లీ ఎక్కించాను. పాత వెర్షన్ పెట్టాను. కంపాటిబిలిటీ మోడ్ మార్చాను. రెండు రోజులు ఇట్లాగే గడిచాయి. ఒక ప్రయత్నంలో నీలం తెర కూడా వచ్చింది. ఏది మార్చినా ఏదో ఒకటి జరుగుతోంది, ఏది ఎందుకు జరుగుతోందో చెప్పే ఆధారం ఒక్కటీ లేదు.

మూడో రోజు పొద్దున చాయ్ తాగుతూ కాగితం మీద కిందినుంచి పైకి రాసుకున్నాను. డబ్బా, వైరు, కంప్యూటర్‌లో కార్డు, ఆ కార్డును నడిపే విండోస్ డ్రైవర్, దాని మీద డబ్బా కంపెనీ డ్రైవర్, ఆ డ్రైవర్‌ను లోపలికి రానిచ్చే విండోస్ భద్రత, చివరికి పాట రికార్డు చేసే సాఫ్ట్‌వేర్. ఏడు మెట్లు. నేను అయిదో మెట్టు దగ్గర నిలబడి పోరాడుతున్నాను, కింది నాలుగు గట్టివో కావో చూడనే లేదు.

లైనక్స్‌తో తేల్చుకున్న సంగతి

విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్. అందులో ఒక రకమైన ఉబుంటు స్టూడియో 24.04ను పెన్‌డ్రైవ్ మీద పెట్టి, కంప్యూటర్‌లో ఏమీ ఎక్కించకుండా, పెన్‌డ్రైవ్ నుంచే లేపాను. కారణం ఇది. ఈ తరం ఫైర్‌వైర్ డబ్బాల్లో చాలావాటికి లోపలి చిప్ రెండు మూడు కుటుంబాల్లో ఏదో ఒకటి, బ్రిడ్జ్‌కో వాళ్ల బెబోబ్ గానీ, టీసీ అప్లైడ్ వాళ్ల డైస్ గానీ. బయట పేరు ఏదైనా లోపల ఇవే. వీటికి డ్రైవర్లు లైనక్స్ కెర్నెల్‌లోనే (ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డులోనే) ఉన్నాయి, కంపెనీ వదిలేసినా అవి పోలేదు. అంటే విండోస్‌ను, కంపెనీ డ్రైవర్‌ను పక్కన పెట్టి డబ్బాను, వైరును, కార్డును మాత్రమే పరీక్షించే వీలు దొరుకుతుంది.

ఈ డబ్బాలో ఉన్నది డైస్ చిప్. లేచిన అయిదు నిమిషాల్లో సౌండ్ కార్డుల జాబితాలో పేరు కనిపించింది. ఒక్కొక్క మైకు ముందు వేలితో తట్టాను, తెర మీద శబ్దం స్థాయి చూపే ఎనిమిది మీటర్లూ కదిలాయి. డబ్బా బతికే ఉంది, వైరూ మంచిదే. కానీ పది నిమిషాలు రికార్డు పెడితే మూడు నాలుగు చోట్ల శబ్దం తెగింది. ఇక్కడ విండోస్ లేదు, కంపెనీ డ్రైవర్ లేదు. మిగిలింది కార్డు.

కార్డు తీసి, ఫోన్ కెమెరాతో దగ్గరగా చూశాను. పాత ఆడియో డబ్బాలతో పడదని చాలా కాలంగా పేరున్న రకం చిప్ అది. ఆడియో పనికి టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్న కార్డు కావాలన్నది మా వృత్తిలో పాత మాట. ఆ మాట నాకు తెలుసు. తొందరలో దొరికింది పెట్టేశాను. ఆ చిప్ మీద టెక్సస్ రాష్ట్రం పటం ఆకారంలో చిన్న గుర్తు ఉంటుంది, కొనేటప్పుడు అట్ట మీద పేరు కాకుండా ఆ గుర్తును చూడాలి.

ఇక్కడ వేగం గురించి ఒక మాట. ఎనిమిది మైకుల శబ్దం 24 బిట్లలో, 48 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకు 48,000 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కో కొలతకు 24 బిట్లు) లెక్కేస్తే సెకనుకు 92 లక్షల బిట్లకు కొంచెం ఎక్కువ. ఫైర్‌వైర్ మోయగలిగింది 40 కోట్లు. మోత ఎక్కువై తెగడం కాదిది. ఫైర్‌వైర్‌లో ఆడియో ప్యాకెట్లు సెకనుకు 8,000 సార్లు, ఖచ్చితమైన వేళకు, వరుసగా రావాలి. డప్పు దరువు లాంటిది. ఎంత గట్టిగా కొట్టావన్నది లెక్క కాదు, వేళ తప్పితే దరువు పోయినట్టే. మంచి చిప్‌కు, నాసి చిప్‌కు తేడా అక్కడ తెలుస్తుంది.

టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) వాళ్ల ఎక్స్ఐఓ2213 చిప్ ఉన్న కార్డు తెప్పించాను. దానికి తొమ్మిది పిన్నుల ఫైర్‌వైర్ 800 (వేగం పెరిగిన తర్వాతి తరం ఫైర్‌వైర్) సాకెట్లు, కాబట్టి తొమ్మిది నుంచి ఆరు పిన్నుల వైరు కూడా కొనాల్సి వచ్చింది. లైనక్స్‌లో గంటసేపు ఎనిమిది ఛానెళ్లు రికార్డు చేశాను. ఒక్క చోట కూడా తెగలేదు. కింది మూడు మెట్లు గట్టివని తేలింది.

మరి లైనక్స్‌లోనే ఉండిపోవచ్చు కదా? దారి ఉంది, ఖర్చు లేదు. కానీ ఆయన చేతులు పదిహేనేళ్లుగా ఒకే విండోస్ సాఫ్ట్‌వేర్‌కు అలవాటు పడ్డాయి. వందల పాటల ప్రాజెక్టులు అందులో ఉన్నాయి, కొన్న ప్లగిన్లు అందులోనే నడుస్తాయి. సీజన్‌కు ముందు ఆయన్ను కొత్త పనిముట్లతో కూర్చోబెట్టడం నా సౌకర్యం కోసం ఆయన పనిని చెడగొట్టడమే అవుతుందనిపించింది.

విండోస్‌లో నడిచింది, మళ్లీ ఆగింది

ఇప్పుడు నాలుగో మెట్టు. మైక్రోసాఫ్ట్ విండోస్ 7లో కొత్త ఫైర్‌వైర్ డ్రైవర్ తెచ్చింది, పాతదాన్ని కూడా పక్కన ఉంచింది. విండోస్ 8లో పాతదాన్ని తీసేసింది. పాత డ్రైవర్ మీదే సరిగ్గా నడిచే ఆడియో డబ్బాలు చాలా ఉండటంతో దాన్ని విడిగా డౌన్‌లోడ్‌కు ఇచ్చింది. అది ఎక్కించి, డివైస్ మేనేజర్‌లో ఫైర్‌వైర్ కార్డును (అక్కడ కంట్రోలర్ అని కనిపిస్తుంది) చేతితో దాని మీదికి మార్చాను.

పసుపు త్రికోణం మాత్రం పోలేదు. కారణం ఆరో మెట్టులో దొరికింది. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ అనే పేజీ ఉంటుంది, అందులో మెమరీ ఇంటెగ్రిటీ అనే స్విచ్. కొత్త విండోస్ 11 కంప్యూటర్లలో ఇది మామూలుగా ఆన్‌లోనే వస్తుంది. కెర్నెల్ లోపలికి వచ్చే ప్రతి డ్రైవర్‌ను ఇది తనిఖీ చేస్తుంది, కొత్త నియమాలకు సరిపోని పాత డ్రైవర్‌ను గేటు దగ్గరే ఆపేస్తుంది. మొదటి రెండు రోజులు నేను ఎన్నిసార్లు ఎక్కించినా ఎక్కనిది ఇందుకే. స్విచ్ ఆఫ్ చేసి రీస్టార్ట్ చేయగానే డబ్బా మీద ఫైర్‌వైర్ లైటు వెలిగింది. 256 శాంపిళ్ల (శబ్దం కొలతల) బఫర్‌తో, అంటే 48 కిలోహెర్ట్జ్‌లో సుమారు 5.3 మిల్లీసెకన్లతో, ఎనిమిది మైకులూ నడిచాయి. "తమ్మీ, పానం లేచొచ్చింది" అన్నాడు.

ఇక్కడ నేను తీసుకున్న నిర్ణయం తప్పు. ఎందుకు తీసుకున్నానో కూడా రాస్తాను. ఆ స్విచ్ ఆఫ్‌లో వదిలేయడం నాకు ఇష్టం లేదు. ఆ కంప్యూటర్‌లోనే ఆయన యూట్యూబ్ ఛానెల్ ఉంది, బ్యాంకు లాగిన్ ఉంది. పాట ట్రాకులు తెచ్చే ప్రతి కళాకారుడు ఒక పెన్‌డ్రైవ్ తెస్తాడు, అది ఇంతకు ముందు ఎన్ని కంప్యూటర్లలో తిరిగిందో ఎవరికీ తెలియదు. అట్లాంటి చోట గేటు తీసిపెట్టడం మంచిది కాదని తెలుసు. ఆయన ముఖంలో సంతోషం చూసి, సీజన్ అయ్యాక ఆలోచిద్దాం, రికార్డింగ్ అప్పుడు నెట్ ఆపేయమని చెప్పి పంపాను.

మూడు వారాలు బాగానే నడిచింది. ఒక రాత్రి విండోస్ తన పెద్ద అప్‌డేట్, 24హెచ్2, ఎక్కించుకుంది. తెల్లారేసరికి ఫైర్‌వైర్ కంట్రోలర్ మళ్లీ మైక్రోసాఫ్ట్ కొత్త డ్రైవర్ మీదికి మారిపోయింది. డబ్బా కనిపిస్తోంది, శబ్దం మాత్రం తునకలు తునకలుగా వస్తోంది. ఆ రోజే రెండు ఆటోల్లో పదకొండు మంది ఆడవాళ్లు పాడటానికి వచ్చారు. కూలి పని మానుకుని వచ్చినవాళ్లు. ఫోన్‌లో ఒకటిన్నర గంట ప్రయత్నించాం, కాలేదు. వాళ్లు వెనక్కి వెళ్లిపోయారు. ఆ రోజు కూలి ఆయన తన జేబులోంచి ఇచ్చాడని తర్వాత తెలిసింది. ఆ డబ్బులో సగం నేను ఇస్తానన్నాను, తీసుకోలేదు.

విండోస్ 10కు వెనక్కి వెళ్దామా అని కూడా ఆలోచించాను. అప్పటికి దాని మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగియబోతోంది. బతుకమ్మ దాటిన కొద్ది రోజులకే పాతబడే ఇంట్లోకి కాపురం మార్చినట్టు అవుతుంది. అప్‌డేట్లు ఆపేసి కూర్చోవడం కూడా అంతే. ఈ డబ్బాను విండోస్‌తో ఫైర్‌వైర్‌లో మాట్లాడించినంత కాలం ప్రతి అప్‌డేట్ రాత్రీ భయపడుతూ పడుకోవాలి. అప్పుడు ప్రశ్న మార్చి వేసుకున్నాను. ఈ డబ్బాలో ఆయనకు నిజంగా కావాల్సింది ఏది? ఎనిమిది మంచి ప్రీయాంప్‌లు, ఆ శబ్దాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్లు. ఫైర్‌వైర్ ఆ అంకెలను బయటికి పంపే ఒక ద్వారం మాత్రమే. వేరే ద్వారం ఉందా?

పనిచేసింది

ఉంది. పదిహేనేళ్లుగా రబ్బరు మూత తీయని ఆప్టికల్ అవుట్. ఏడాట్ అంటారు. 1990ల మొదట్లో అలెసిస్ కంపెనీ తన టేపు రికార్డర్ల కోసం తెచ్చిన పద్ధతి. సన్నని ఒక్క ఆప్టికల్ తీగలో వెలుతురు రూపంలో ఎనిమిది ఛానెళ్లు, 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తాయి. దీనికి డ్రైవర్ అక్కర్లేదు. అటు పంపేవాడు, ఇటు అందుకునేవాడు ఉంటే చాలు. అందుకునేవాడిగా ఏడాట్ ఇన్ ఉన్న ఒక చిన్న కొత్త యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ కొంటే, ఆ ఎనిమిదికి దాని సొంత రెండు మైకులు కలిపి పది. ఎనిమిది ప్రీయాంప్‌ల కొత్త డబ్బా ధరతో పోలిస్తే ఇది చాలా తక్కువ. ఆయన దగ్గర ఆ డబ్బు ఉంది, పెద్దదానికి లేదు.

కొత్తది ఎంచుకునేటప్పుడు నేను పెట్టిన షరతు ఒకటే, అది యూఎస్‌బీ ఆడియో క్లాస్ ప్రమాణం పాటించాలి. కంపెనీ రేపు డ్రైవర్లు ఆపేసినా, ఆపరేటింగ్ సిస్టమ్ తనకున్న సొంత డ్రైవర్‌తో దాన్ని నడపగలగాలి. ఆ ప్రమాణం రెండో వెర్షన్ క్లాస్ 2కు విండోస్‌లో సొంత డ్రైవర్ 2017 నుంచి ఉంది. ఆసియో (విండోస్‌లో ఆలస్యం తక్కువగా రికార్డు చేసే పద్ధతి) కోసం రోజువారీ వాడకంలో కంపెనీ డ్రైవరే పెట్టాం. అది పోయిన రోజున డబ్బా ఇటుకరాయి కాదన్నది ధైర్యం.

ఒక చిక్కు మిగిలింది. పాత డబ్బా కంప్యూటర్ లేకుండా తనంత తాను నడవగలదు, కానీ ఏ మైకు ఏ ఏడాట్ ఛానెల్‌లోకి వెళ్లాలో ముందు ఒకసారి దాని కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో చెప్పి, డబ్బా లోపలి మెమరీలో సేవ్ చేయాలి. ఆ సాఫ్ట్‌వేర్ ఫైర్‌వైర్‌లోనే మాట్లాడుతుంది. నా షాపులో పాత విండోస్ 7 ల్యాప్‌టాప్ ఒకటి ఇందుకోసమే దాచుకున్నాను, నెట్‌కు ఎప్పుడూ కలపను. దానికి నాలుగు పిన్నుల చిన్న ఫైర్‌వైర్ సాకెట్ ఉంది. దాంట్లో కరెంటు రాదు, డబ్బాకు తన సొంత కరెంటు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. డబ్బా ఆపి వైరు పెట్టాను, తర్వాతే ఆన్ చేశాను. ఆరు పిన్నుల ప్లగ్గుకు ఒక కొస కోణంగా ఉంటుంది, అటు ఇటు తప్పుగా దూరకుండా. పదిహేనేళ్లు వాడిన సాకెట్ రేకు వదులై ఉంటే తిరగబడి కూడా దూరుతుంది, కరెంటు పిన్ను డేటా పిన్నుకు తగిలి చిప్ కాలిపోతుంది. అందుకే టార్చి వేసి చూసి, వేలితో రేకును నొక్కి, అప్పుడు పెట్టాను. మైకు 1 ఏడాట్ 1కి, మైకు 2 ఏడాట్ 2కి, అట్లా ఎనిమిది దాకా కలిపి సేవ్ చేశాను. ఆపి, వైరు పీకి, మళ్లీ ఆన్ చేసి చూశాను. గుర్తుపెట్టుకుంది.

స్టూడియోలో తీగ కలిపితే ఏమీ రాలేదు. తీగ కొస తీసి అరచేతికి దగ్గరగా పెడితే ఎర్రటి వెలుతురు చుక్క కనబడాలి. మసకగా ఏదో కనిపించింది. గోటితో గీరితే ఊడొచ్చింది, కొత్త తీగ కొసకు తొడిగే పారదర్శకమైన చిన్న ప్లాస్టిక్ తొడుగు. గాజులాగే ఉంటుంది, చూపుకు ఆనదు. తీసి పెట్టాక ఎనిమిది మీటర్లూ లేచాయి.

తర్వాత టిక్, టిక్. సెకనుకు ఒకటి చొప్పున, అన్ని ఛానెళ్లలో. ఇది వినగానే సంతోషమే వేసింది, ఎందుకంటే దీని కారణం నాకు తెలుసు. రెండు డబ్బాల్లో రెండు గడియారాలు ఉన్నాయి, రెండూ తామే 48,000 లెక్కపెడుతున్నామని అనుకుంటున్నాయి. పది లక్షలకు 20 చొప్పున తేడా ఉంటే చాలు, సెకనుకు దాదాపు ఒక శాంపిల్ జారిపోతుంది, ఆ జారిన చోట టిక్ మంటుంది. ఒకటే గడియారం ఉండాలి. కొత్తదానికి ఏడాట్ ఇన్ ఒక్కటే ఉంది, అవుట్ లేదు. అంటే అది పాతదానికి వేళ చెప్పలేదు. కాబట్టి పాతది తన లోపలి క్లాక్ మీద ఉండాలి, కొత్తది క్లాక్ సోర్సును ఏడాట్‌కు మార్చుకుని దాన్ని అనుసరించాలి. మార్చగానే టిక్కులు ఆగిపోయాయి. ఎత్తుకునేవాళ్లు ఒకరు, అందుకునేవాళ్లు ఒకరు అన్నట్టే ఇది కూడా అని చెబితే ఆయనకు వెంటనే ఎక్కింది.

ఊహించని లాభం ఒకటి. ముందు ఫైర్‌వైర్ తీగ ద్వారా కంప్యూటర్ నుంచి సన్నగా ఒక గీ శబ్దం మైకుల్లోకి వచ్చేది, దానికి ఆయన చెవి అలవాటు పడిపోయింది. ఆప్టికల్ తీగలో కరెంటు ప్రవహించదు కాబట్టి రెండు పెట్టెల మధ్య ఎర్తు కలవదు. ఆ గీ శబ్దం పోయింది. మౌనంగా ఉన్న ట్రాకును ఆయన మూడుసార్లు వేసి విన్నాడు.

నష్టాలూ ఉన్నాయి, అవి ముందే చెప్పాను. పాడేవాళ్లకు ఇదివరకు పాత డబ్బా నుంచి రెండు రకాల హెడ్‌ఫోన్ మిక్సులు వెళ్లేవి. ఇప్పుడు కొత్తదాని నుంచి ఒకటే వెళ్తుంది, దాన్ని హెడ్‌ఫోన్ యాంప్‌తో పంచాలి. 96 కిలోహెర్ట్జ్‌లో చేయాలంటే ఏడాట్‌లో ఎనిమిది కాస్తా నాలుగు ఛానెళ్లవుతాయి. ఆయన ఎప్పుడూ 48లోనే చేస్తాడు కాబట్టి అది అడ్డు రాలేదు. మైకు శబ్దాన్ని ఎంత పెంచాలో తిప్పే గెయిన్ నాబులు ముందు వైపే ఉన్నాయి, చేతితో తిప్పుకోవచ్చు. అవి సాఫ్ట్‌వేర్‌లో ఉండే రకం డబ్బా అయితే ఈ దారి చాలా ఇబ్బంది పెట్టేది.

కంప్యూటర్‌లోంచి ఫైర్‌వైర్ కార్డు, పాత డ్రైవర్లు తీసేశాను. మెమరీ ఇంటెగ్రిటీ స్విచ్ మళ్లీ ఆన్ చేశాను. సరిపోని డ్రైవర్లు ఇంకా ఉంటే విండోస్ అక్కడే పేర్లతో సహా చూపిస్తుంది. ఒక ఫైలు మిగిలి ఉంది, అది కూడా తీశాక స్విచ్ పడింది. వెనక్కి వెళ్లిన గ్రూపు వారం తర్వాత మళ్లీ వచ్చి నాలుగు పాటలు పాడింది. ఎంగిలిపూల బతుకమ్మకు ముందే అవి బయటికి వచ్చాయి.

పని పద్ధతిలో మార్చుకున్నవి

ఇప్పుడు ఎవరు పాత డబ్బా తెచ్చినా మొదటి గంట లైనక్స్ పెన్‌డ్రైవ్‌కే ఇస్తున్నాను. విండోస్‌లో చేయి పెట్టకముందే కార్డు, వైరు, డబ్బా మూడింటి ఆరోగ్యం తెలిసిపోతుంది. డబ్బా వెనకవైపు ఫొటో తీసి, ఏయే సాకెట్లు ఉన్నాయో రాసుకుంటున్నాను. మెమరీ ఇంటెగ్రిటీ ఆపితేనే నడిచే ఏర్పాటును పరీక్ష కోసం తప్ప ఎవరికీ అప్పగించడం లేదు. మ్యాక్ వాళ్లకు చెప్పాల్సింది వేరే ఉంది. మ్యాక్‌ఓఎస్ 26 టాహోలో ఆపిల్ ఫైర్‌వైర్ సపోర్ట్‌నే తీసేసింది కాబట్టి, ఫైర్‌వైర్ డబ్బా వాడుతున్నవాళ్లు అప్‌డేట్ నొక్కకముందే ఆగి ఆలోచించుకోవాలి.

ఏడాట్ అవుట్ లేని డబ్బాలకు ఈ దారి కుదరదు. వాటికి నేను చెప్పే రెండో దారి, సెకండ్ హ్యాండ్ పాత కంప్యూటర్‌ను రికార్డర్‌గా మాత్రమే పెట్టుకోవడం. నెట్ ఉండదు, అప్‌డేట్లు ఉండవు, బయటి పెన్‌డ్రైవ్‌లు పెట్టకూడదు. రికార్డు చేసిన ఫైళ్లను ఒకే ఒక్క ప్రత్యేకమైన డిస్కులో కొత్త కంప్యూటర్‌కు తీసుకెళ్లి మిక్సింగ్ చేసుకోవాలి. పని ఒక అడుగు పెరుగుతుంది, గొంతులు మాత్రం కలిసే పాడతాయి.

దేవరకొండ వైపు స్టూడియోలో పాత డబ్బా మీద తెల్ల టేపు అతికించి 'లోపలి క్లాక్, 48, మార్చొద్దు' అని రాసి వచ్చాను. చెర్వుగట్టు జాతర పాటలప్పుడు ఆయన ఫోన్ చేశాడు, అయిదో మైకులో గరగర వస్తోందని. ఏడు మెట్లలో కిందినుంచి మొదలుపెట్టి ఆయనే వెతుక్కుంటూ వచ్చాడు, నాకు ఫోన్ చేసేసరికి మైకు వైరు దగ్గరికి చేరాడు. ఆ వైరు ప్లగ్గులో టంకం ఊడింది.

పాలమూరు వైపు నుంచి ఒక భజన మండలి వాళ్ల డబ్బా ఇప్పుడు నా బల్ల మీద ఉంది, బెబోబ్ చిప్‌ది, ఏడాట్ లేదు. నిన్న రాత్రి పెన్‌డ్రైవ్‌తో లేపి చూశాను. ఎనిమిదిలో ఏడు కదిలాయి, మూడోది కదల్లేదు. ముందు దాని మూత విప్పి చూడాలి.